వైట్‌ఫీల్డా, ఎలక్ట్రానిక్ సిటీయా? టులెట్ బోర్డు మీద లేని లెక్క

2025 ఆగస్టు 10న బెంగళూరు మెట్రో ఎల్లో లైన్ ప్రారంభమైంది. ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. అప్పటిదాకా ‘ఆఫీసు అక్కడుంటే తప్ప అంత దూరం ఎవరు పోతారు’ అనిపించుకున్న ఎలక్ట్రానిక్ సిటీ ఇళ్ల వేటలో పోటీకి వచ్చింది. వైట్‌ఫీల్డ్‌కి పర్పుల్ లైన్ అంతకు రెండేళ్ల ముందే చేరింది. ఇప్పుడు నగరానికి తూర్పు కొసన ఒకటి, దక్షిణం కొసన ఒకటి, రెండు ఐటీ పేటలకూ రైలుంది. రెండు చోట్లా ఆంధ్రా మెస్సులున్నాయి, తెలుగువాళ్లు నడిపే పీజీలున్నాయి. బదిలీ మీదో కొత్త ఉద్యోగం మీదో వచ్చే తెలుగు కుటుంబాలకు ఏది ఎంచుకోవాలో తేలక టెన్షన్ పట్టుకుంటోంది.

క్లుప్తంగా చెప్పాలంటే: వైట్‌ఫీల్డ్‌లో అద్దె సాధారణంగా ఎక్కువే. కానీ ఇంటి ఖర్చును, రోజువారీ సుఖాన్ని తేల్చేవి అద్దె కన్నా మరో మూడు విషయాలు. రోడ్ల ఆకారం, నీళ్లిచ్చే సంస్థ హద్దు, సొంతూరు ఉన్న దిక్కు. ఇంట్లో ఒక్కరికే ఉద్యోగం ఉంటే ఆఫీసు ఎటుంటే అటు ఉండటమే మేలు. ఇద్దరికీ చెరో కొసన ఉద్యోగం ఉంటే, రెంటినీ కలిపేలా కడుతున్న కేఆర్ పురం–సిల్క్ బోర్డ్ మెట్రో నడిచేదాకా ఈ రెంటిలో ఏదీ మంచి జవాబు కాదు.

పుట్టుకలోనే వచ్చిన తేడా

వైట్‌ఫీల్డ్ వయసు 140 ఏళ్ల పైమాటే. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయార్ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇక్కడ దాదాపు 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ సంఘం నాయకుడు డి.ఎస్. వైట్ పేరే ఊరి పేరయింది. ఇన్నర్ సర్కిల్ అనే గుండ్రటి వీధి ఆనాటి ఊరి ఆనవాలు. తెలుగువాళ్లకు ఈ ఊరు ఐటీ కన్నా చాలా ముందే తెలుసు, కాడుగోడిలో సత్యసాయిబాబా బృందావనం ఆశ్రమం ఉండటం వల్ల. 1990లలో సింగపూర్ భాగస్వామ్యంతో ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు వచ్చాక కథ మారింది. హూడి, కుందలహళ్లి, నల్లూరుహళ్లి, హగదూరు, వర్తూరు లాంటి పల్లెలు పెరిగి పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. వీటన్నిటినీ కలిపి బ్రోకర్లు ఇప్పుడు వైట్‌ఫీల్డ్ అనేస్తారు. కాబట్టి ‘వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు’ అనే ప్రకటనకు ఒక చిరునామా అంటూ లేదు. అది మెట్రో మెట్ల పక్కనా ఉండొచ్చు, నాలుగు కిలోమీటర్ల అవతల చెరువు గట్టునా ఉండొచ్చు.

ఎలక్ట్రానిక్ సిటీ పుట్టుక వేరు. 1978లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, హొసూరు రోడ్డు పక్కన కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టింది. ఇది ఫ్యాక్టరీల కోసం గీసిన లేఔట్. ఇళ్ల ఆలోచన తర్వాత వచ్చింది, అదీ గేటు బయట. అందుకే ఇక్కడ గుర్తులు చెప్పేటప్పుడు గుడో సెంటరో వినిపించదు. ఇన్ఫోసిస్ గేట్, విప్రో గేట్, వేలంకణి గేట్ అంటారు. జనం కాపురముండేది నీలాద్రి రోడ్, దొడ్డతోగూరు, శికారిపాళ్య, అనంతనగర్, హెబ్బగోడి, ఇంకా ముందుకెళ్తే చందాపుర.

ఒకటి పల్లెలు అతుక్కుని అయిన పేట, రెండోది కంపెనీల గోడ చుట్టూ పెరిగిన పేట. ట్రాఫిక్కూ నీళ్లూ పన్నూ అన్నీ ఈ తేడా నుంచే వస్తాయి.

ఒకటే వెన్నెముక, లేదా బోలెడు సందులు

ఎలక్ట్రానిక్ సిటీకి వెన్నెముక ఒక్కటే, హొసూరు రోడ్డు. నేల మీద జాతీయ రహదారి. దానిమీద 2010లో తెరిచిన టోల్ ఫ్లైఓవర్, సిల్క్ బోర్డ్ దగ్గర్నుంచి సుమారు 10 కిలోమీటర్లు. ఇప్పుడు అదే వరసలో ఎల్లో లైన్. మూడూ ఒకే దిశలో పోతాయి. ఆ గీత మీద ఇల్లూ ఆఫీసూ రెండూ ఉన్నవాళ్లకు బతుకు తేలిక. బొమ్మసంద్ర నుంచి ఆర్‌వీ రోడ్‌కి రైలు అరగంట దాటి కొద్ది నిమిషాల్లో చేరుతుంది, అక్కడ గ్రీన్ లైన్ పట్టుకుంటే జయనగర్, మెజెస్టిక్.

అయితే గీత ఒక్కటే కావడంతో తెగినా ఒక్కసారే తెగుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర వాననీళ్లు నిలిస్తే ఇంటికి పోయేవాళ్లకు పక్కదారి దాదాపు లేదు. ఎల్లో లైన్ మొదట్లో మూడే రైళ్లతో నడిచింది, రైలుకూ రైలుకూ మధ్య 25 నిమిషాలు. ఒకటి తప్పిపోతే ప్లాట్‌ఫారం మీద అంతసేపూ నిలబడాలి. కొత్త రైళ్లు వస్తున్నకొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చింది.

వైట్‌ఫీల్డ్ పరిస్థితి దీనికి తలకిందులు. దారులకు కొదవ లేదు, వెడల్పుకే కొదవ. ఐటీపీఎల్ రోడ్, వర్తూరు రోడ్, హోప్‌ఫార్మ్ రోడ్, పాత మద్రాసు రోడ్డు వైపు హూడి దారి, ఇవన్నీ ఒకప్పటి బండిబాటలే. వాటికి అడ్డంగా రైల్వే లైను ఒకవైపు, చెరువులు మరోవైపు. అందుకే జామ్‌లన్నీ కొన్ని గొంతుల దగ్గరే: కుందలహళ్లి గేట్, హోప్‌ఫార్మ్, వర్తూరు కోడి (చెరువు అలుగు), పణత్తూరు వైపు రైల్వే వంతెన కింద ఇరుకు దారి. మ్యాపులో మూడు కిలోమీటర్లే కదా అనిపించే దూరానికి సాయంత్రం ఎంతసేపు పడుతుందన్నది మధ్యలో ఈ గొంతులు ఎన్ని తగులుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు కిలోమీటర్లు కాకుండా గొంతులు లెక్కపెట్టాలి.

పర్పుల్ లైన్ ఈ ముడిని కొంత విప్పింది. కేఆర్ పురం–వైట్‌ఫీల్డ్ భాగం 2023 మార్చిలో, మధ్యలో మిగిలిన రెండు కిలోమీటర్ల ముక్క అదే ఏడాది అక్టోబర్‌లో తెరిచారు. దాంతో కాడుగోడి నుంచి చల్లఘట్ట దాకా 43 కిలోమీటర్ల పైచిలుకు లైను పూర్తయింది. హూడి, కుందలహళ్లి, నల్లూరుహళ్లి, సత్యసాయి హాస్పిటల్, పట్టందూరు అగ్రహార, హోప్‌ఫార్మ్ స్టేషన్లు ఆఫీసుల మధ్యనుంచే పోతాయి. ఎంజీ రోడ్, మెజెస్టిక్ మారకుండా చేరొచ్చు. కానీ వర్తూరు, గుంజూరు, బళగెరె వైపు ఇల్లు తీసుకుంటే స్టేషన్‌కి రావడమే ఒక ప్రయాణం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, మున్నేకొళాలకూ పర్పుల్ లైన్ తగలదు. ఔటర్ రింగ్ రోడ్ మీద కడుతున్న బ్లూ లైన్ వస్తేనే వాటికి మెట్రో.

మెట్రో ఖర్చు కూడా అద్దెతో కలిపి చూసుకోవాలి. 2025 ఫిబ్రవరి సవరణలో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది. ఆ గరిష్ఠ దూరం రోజూ రానూపోనూ తిరిగే మనిషికి నెలలో 22 పనిదినాలకు 3,960 రూపాయలు. స్టేషన్ నుంచి ఇంటికి ఆటో వేస్తే అది వేరే. ‘స్టేషన్‌కి నడిచి పోవచ్చండీ’ అని బ్రోకర్ చెప్పే మాట రెండు చోట్లా ఒకసారి స్వయంగా నడిచి చూడాల్సిందే. హొసూరు రోడ్డుకు అవతలి పక్కన ఇల్లుంటే, ఎదురుగా కనిపించే స్టేషన్‌కి సైతం ఫుట్‌ఓవర్ వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి.

కొళాయి ఏ సంస్థది?

2024 వేసవి బెంగళూరుకు నేర్పిన పాఠం నీళ్లది. అంతకుముందు ఏడాది వానలు లేక బోర్లు ఎండాయి. ట్యాంకర్ ధరలు ఇష్టం వచ్చినట్టు పెరగడంతో మార్చిలో జిల్లా యంత్రాంగం రేట్లు కట్టడి చేసింది. 12,000 లీటర్ల ట్యాంకర్‌కి 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, 5 నుంచి 10 కిలోమీటర్ల మధ్య 1,200.

ఈ అంకెలు ఒక్కో ఇంటి మీద ఎలా పడతాయో లెక్కకట్టి చూడొచ్చు. 100 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఫ్లాట్‌కి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల సాధారణ ప్రమాణం. రోజుకు 54,000 లీటర్లు, అంటే నాలుగున్నర ట్యాంకర్లు. బోరు పూర్తిగా ఎండి అంతా ట్యాంకర్ మీదే నడిస్తే, కట్టడి రేటు ప్రకారం రోజుకు 4,500 రూపాయలు. ఫ్లాట్‌కి నెలకు 1,350. ట్యాంకర్‌వాడు 2,000 అడిగితే అదే ఫ్లాట్‌కి 2,700. అద్దెలో రెండు వేలు కలిసొచ్చిందని మురిసిన ఇంట్లో ఏప్రిల్ మెయింటెనెన్స్ బిల్లు వచ్చేసరికి ఆ మురిపెం ఉండదు.

మరి ఏ పేటలో ట్యాంకర్ మీద ఆధారపడటం ఎక్కువ? ఇక్కడే పరిపాలన హద్దు పనిచేస్తుంది. 2007లో నగరపాలిక విస్తరించి బీబీఎంపీ అయినప్పుడు చుట్టూ ఉన్న ఏడు నగరసభలు, ఒక పురసభ (రెండూ మున్సిపాలిటీలే), వాటితో పాటు 110 గ్రామాలు కలిశాయి. మహదేవపుర నగరసభ, దాని చుట్టుపక్కల గ్రామాలు అలా నగరంలో భాగమయ్యాయి. ఇవాళ వైట్‌ఫీల్డ్ అంటున్నదంతా చాలావరకు అందులోదే. ఆ 110 గ్రామాల కోసమే కావేరి నీటి పథకం ఐదో దశ వచ్చింది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చే నీళ్లు. 2024 అక్టోబర్ 16న ప్రారంభించారు.

ఎలక్ట్రానిక్ సిటీ ఆ గీతకు అవతల ఉండిపోయింది. కంపెనీలున్న భాగానికి 2013లో ప్రత్యేక పారిశ్రామిక టౌన్‌షిప్ అథారిటీ ఏర్పాటయింది. ఎల్సీటా అని పిలిచే ఆ సంస్థ లోపల వసూలైన ఆస్తి పన్నుతో లోపలి రోడ్లు, దీపాలు, కాలువలు చూసుకుంటుంది. అందుకే ఇన్ఫోసిస్ ఎదుట ఫుట్‌పాత్ చూసి ‘బెంగళూరులో ఇంత శుభ్రమా’ అనుకున్నవాళ్లకు, అక్కణ్నుంచి పది నిమిషాలు నడిచేసరికి గుంతల వీధి ఎదురవుతుంది. ఆ వీధి టౌన్‌షిప్‌ది కాదు. ఇళ్లున్న చోట్లలో హెబ్బగోడి ఒక నగరసభ, బొమ్మసంద్ర, చందాపుర పురసభలు, మిగతా చోట చిన్న స్థానిక సంస్థలు. కంపెనీల పన్ను చాలావరకు గోడ లోపలే తిరుగుతుంది, ఉద్యోగుల ఇళ్ల భారం గోడ బయటి సంస్థ మీద పడుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఇళ్ల పేటల కష్టాల్లో సగానికి మూలం ఇదేనంటే తప్పు కాదు.

తెల్లవారుజామున నీలాద్రి రోడ్ లోపలి సందుల్లో ఈ తేడా కళ్లకు కడుతుంది. ట్యాంకర్ రివర్స్‌లో వీధిలోకి వస్తుంది. పీజీ వాచ్‌మన్ సంపు మూత తీసి పైపు దింపుతాడు. వెనకాల ఇద్దరు ముగ్గురు స్కూటర్ల మీద హారన్ కొడుతుంటారు. ట్యాంకర్ వెళ్లాక రోడ్డు మీద తడి మిగులుతుంది, ఆ తడిలోనే టిఫిన్ బండి పెడతారు. ఇల్లు చూడటానికి మధ్యాహ్నం వచ్చినవాళ్లకు ఇదేమీ కనిపించదు.

అలాగని వైట్‌ఫీల్డ్ అంతటా కావేరి పొంగిపొర్లుతోందని అనుకోకూడదు. పైపు వీధిలోకి రావడం వేరు, అపార్ట్‌మెంట్ డబ్బు కట్టి కనెక్షన్ తీసుకోవడం వేరు, వచ్చిన నీళ్లు అందరికీ సరిపోవడం వేరు. ‘కావేరి ఉంది’ అనే మాటకు ఈ మూడింటిలో ఏ అర్థమైనా ఉండొచ్చు. నీళ్ల బిల్లు అడిగి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

2025 సెప్టెంబర్ 2న బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వైట్‌ఫీల్డ్ తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లింది. కొత్త కార్పొరేషన్లను పాత పాలిక హద్దుల్లోనే విడగొట్టారు కాబట్టి ఎలక్ట్రానిక్ సిటీ ఇళ్ల పేటలకు ఆ రోజున మారిందేమీ లేదు.

చెరువు పక్కన ఇల్లంటే

ఇందులో వైట్‌ఫీల్డే వెనకబడుతుంది. నగరం మురుగునీళ్లలో పెద్ద భాగం బెళ్లందూరు చెరువులోకి, అక్కణ్నుంచి వర్తూరు చెరువులోకి, ఆ తర్వాత దక్షిణ పినాకినిలోకి పోతుంది. ఉత్తర పినాకిని మన నెల్లూరు దాకా వచ్చే పెన్నానది, దక్షిణ పినాకిని తమిళనాడు పోయేది. రెండూ నంది కొండల వైపు పుట్టినవే. వర్తూరు కోడి దగ్గర నురగ రోడ్డు మీదికి ఎగిరిపడిన ఫోటోలు, 2017, 2018లలో బెళ్లందూరు చెరువు మీద మంటలు దేశమంతా చూసింది. 2022 సెప్టెంబర్ వానలకు ఈ వైపు లోతట్టు లేఔట్లలో ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. ‘లేక్ వ్యూ’ అని రాసున్న బ్రోచర్ చేతికొస్తే చెరువు ఏ వైపుందో, రాజకాలువె ఎటు పోతోందో ముందు కనుక్కోవాలి. రాజకాలువె అంటే వాననీటి పెద్ద కాలువ. కన్నడ మాటే అయినా బెంగళూరులో ఇల్లు వెతికే తెలుగువాళ్లకు వారంలోపే నోటికొచ్చేస్తుంది.

ఇద్దరికీ ఉద్యోగాలుంటే

భర్త ఎలక్ట్రానిక్ సిటీలో, భార్య ఐటీపీఎల్‌లో. బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. మ్యాపు మీద రెంటి మధ్య సుమారు 25 కిలోమీటర్ల దూరం. వర్తూరు, గుంజూరు, దొమ్మసంద్ర మీదుగా చందాపుర పోయే దారి ఉంది, కానీ అది పల్లెల దారి. మెట్రోలో వెళ్తే పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి ఆర్‌వీ రోడ్, అక్కడ ఎల్లో లైన్ మారి ఎలక్ట్రానిక్ సిటీ. పక్కింటికి పోవడానికి ఊరంతా చుట్టినట్టు, రోడ్డు దూరానికి దాదాపు రెట్టింపు. ఒకపూటే రెండు గంటలకు అటూఇటూ పడుతుంది. రోజూ చేయగలిగింది కాదు.

ఈ త్రికోణంలో లేనిది ఒక్క గీతే, సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్ మీద సుమారు 19 కిలోమీటర్ల బ్లూ లైన్. అది నడిస్తే ఎల్లో లైన్ ఒక కొసన, పర్పుల్ లైన్ రెండో కొసన కలుస్తాయి. కేఆర్ పురం నుంచి అదే లైను ఎయిర్‌పోర్ట్ దాకా సాగుతుంది. అప్పుడు ఎవరు ఎటున్నా పెద్ద తేడా ఉండదు. అంతవరకూ ఇలాంటి జంటలకు నడిమధ్యలో, మారతహళ్లి, బెళ్లందూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ వైపు ఉండటమే నయం, అద్దె ఎక్కువైనా సరే. ఇద్దరూ సమానంగా తిరుగుతారు, ఒక్కరే నలిగిపోరు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు అనే రూలున్న చోట లెక్క మారొచ్చు. కానీ ఆ రూలు మారినప్పుడల్లా ఇల్లు మార్చలేం.

శుక్రవారం రాత్రి బస్సు

ఇళ్ల వెబ్‌సైట్లలో ఎక్కడా కనిపించని లెక్క ఇది. తెలుగు కుటుంబం మాత్రం ఏడాదికి పదిసార్లయినా దీన్ని అనుభవిస్తుంది.

తిరుపతి, చిత్తూరు, నెల్లూరు, విజయవాడ పోవాలంటే నగరం దాటే చోటు కేఆర్ పురం–హొసకోటె. అక్కణ్నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు. మదనపల్లె, కడప వాళ్లకు హొసకోటె నుంచే చింతామణి దారి. వైట్‌ఫీల్డ్ ఈ దారులన్నిటి గుమ్మంలోనే ఉంది. హొసకోటె దగ్గర మొదలయ్యే చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఈ వైపే, చిత్తూరు జిల్లా మీదుగా పోయేది. రైలు సంగతికొస్తే కృష్ణరాజపురం స్టేషన్ చేతికందే దూరం. కాకినాడ పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఎక్కితే కుప్పం, చిత్తూరు, తిరుపతి మీదుగా విజయవాడ దాటిస్తుంది. 2022లో తెరిచిన విశ్వేశ్వరయ్య టెర్మినల్ బయ్యప్పనహళ్లిలో ఉంది, అదీ తూర్పు వైపే.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి చూస్తే తెలుగు నేల దాదాపు అంతా నగరానికి అవతలి పక్కన ఉంటుంది. ప్రైవేట్ బస్సు ఎలక్ట్రానిక్ సిటీలో సాయంత్రం ఏడింటికి ఎక్కించుకుంటుంది. బొమ్మనహళ్లి, మడివాళ, సిల్క్ బోర్డ్, మారతహళ్లి, మహదేవపుర, టిన్ ఫ్యాక్టరీ అంటూ ఒక్కో పికప్ దగ్గర ఆగుతుంది. కేఆర్ పురం దాటేసరికి పండగ ముందురోజైతే తొమ్మిది, తొమ్మిదిన్నర. వైట్‌ఫీల్డ్ మనిషి అప్పటికి ఇంట్లో భోంచేసి, తీరిగ్గా వచ్చి అదే బస్సు ఎక్కుతాడు. టికెట్ ధర ఇద్దరికీ ఒకటే.

అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ దారి హెబ్బాళ, దేవనహళ్లి మీదుగా. దానికి రెండు పేటలూ దూరమే, ఎలక్ట్రానిక్ సిటీ మరీ దూరం. సొంత కారులో నైస్ రోడ్ పట్టుకుని తుమకూరు రోడ్డు వైపు తేలొచ్చు, టోల్ కట్టుకుని. ఎయిర్‌పోర్ట్‌కీ అదే వరస. వైట్‌ఫీల్డ్ నుంచి బూదిగెరె మీదుగా నగరంలోకి రాకుండానే పోవచ్చు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి నగరం మొత్తం దాటాలి.

ఎలక్ట్రానిక్ సిటీకి కలిసొచ్చేది హొసూరు, కృష్ణగిరి దిక్కు. ఆ వైపు ఊళ్లవాళ్లకు, కృష్ణగిరి మీదుగా కుప్పం పోయేవాళ్లకు ఇదే దగ్గర. ఆనేకల్, హొసూరు పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా తరతరాలుగా బతుకుతున్న కుటుంబాలున్నాయి. మారతహళ్లి, వర్తూరు వైపు పాత రైతు కుటుంబాల్లోనూ అంతే. ఇంటి ఓనరు తెలుగులో పలకరిస్తే కొత్తగా వచ్చినవాళ్లు ‘మనూరాయనే’ అనుకుంటారు. ఆయన మాత్రం ఏడు తరాలుగా అక్కడివాడే, ఆయన తెలుగులో సగం మాటలు గుంటూరువాళ్లకు అర్థం కావు.

అద్దె, అడ్వాన్స్, లీజు

అద్దె గురించి చెప్పాల్సింది తక్కువే. స్టేషన్‌కి నడిచే దూరంలో, గేటెడ్ కమ్యూనిటీలో, కావేరి కనెక్షన్ ఉన్న ఇల్లు రెండు చోట్లా ఖరీదే. అవి లేని ఇల్లు రెండు చోట్లా చవకే. వైట్‌ఫీల్డ్‌లో మొదటి రకం ఎక్కువ, అందుకే సగటు పైకి కనిపిస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఎలక్ట్రానిక్ సిటీ పీజీలు అందుబాటులో ఉంటాయి.

అడ్వాన్స్ విషయంలో హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. అక్కడ రెండు మూడు నెలల అద్దె ఇచ్చి దిగినవాళ్లను బెంగళూరులో ఐదారు నెలలు, పాత ఓనర్లయితే పది నెలలు అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కోత కూడా ఇక్కడి ఆచారమే. ఒప్పందం 11 నెలలకే రాయడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి.

రెండు పేటల్లోనూ కనిపించే మరో పద్ధతి లీజు, కన్నడలో భోగ్య. కొన్ని లక్షలు ఒకేసారి ఇచ్చి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం తిరిగి తీసుకోవడం. మన పల్లెల్లో పొలం భోగ్యానికి ఇచ్చినట్టే. ఓనరుకు ఇది వడ్డీ లేని అప్పు. ఆ బిల్డింగ్ మీద బ్యాంకు అప్పు కూడా ఉండి కట్టలేకపోతే బ్యాంకు వచ్చేది ఇంటి మీదికి. అప్పుడు లీజు డబ్బు ఇచ్చిన కుటుంబం వరసలో వెనక్కి పోతుంది. రిజిస్టర్ కాని లీజుకు లక్షలు ఇవ్వడం, ఏ పేటలోనైనా, కోరి తెచ్చుకునే తలనొప్పి.

కొనేవాళ్లకు కాగితం వేరు

అద్దెకుండేవాళ్లకు నీళ్ల దగ్గర తగిలిన హద్దే కొనేవాళ్లకు కాగితాల దగ్గర తగులుతుంది. నగరం లోపల ఎ-ఖాతా, బి-ఖాతా అని రెండు రకాలు. ఖాతా అంటే ఆస్తి పన్ను పుస్తకంలో ఆ ఆస్తికున్న పద్దు, మన దగ్గర మున్సిపాలిటీ అసెస్‌మెంట్ లాంటిది. లేఔట్‌కో కట్టడానికో సరైన అనుమతి లేకపోతే బి-ఖాతా. పన్ను కట్టించుకుంటారు, బ్యాంకులు మాత్రం అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. నగరం బయట ఎలక్ట్రానిక్ సిటీ చుట్టూ ఉన్న స్థలాలకు ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ అనుమతి, పంచాయతీ పరిధిలోనైతే ఫారం 9, ఫారం 11 అనే ఆస్తి పత్రాలు చూడాలి. రెవెన్యూ సైట్లు, అంటే లేఔట్ అనుమతి లేకుండా పొలాన్ని ముక్కలు చేసి అమ్మే స్థలాలు, ఇక్కడ చవగ్గా దొరుకుతాయి. ఎందుకు చవకో మన గ్రామకంఠం స్థలాల గొడవలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బడి, ఆసుపత్రి, బండి

బడి విషయంలో పేటల మధ్య తేడా తక్కువ. 2015 చట్టం ప్రకారం కర్ణాటకలో ఏ బోర్డు బడిలోనైనా కన్నడ ఒక భాషగా నేర్పాలి, కాబట్టి పిల్లల తెలుగు ఎటున్నా ఇంట్లో నేర్పుకోవాల్సిందే. ఆసుపత్రులకు రెండూ మంచివే. వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి ఉచితంగా వైద్యం చేస్తున్న సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, బొమ్మసంద్రలో గుండె జబ్బులకు పేరున్న నారాయణ హెల్త్ సిటీ. రెంటికీ రాయలసీమ నుంచి రోగులు వస్తూనే ఉంటారు. ఊరి నుంచి పెద్దవాళ్లు చూపించుకోవడానికి వచ్చి దిగే ఇల్లు ఏది కాబోతోందన్నదీ కొన్ని కుటుంబాలకు లెక్కే.

ఏపీ, టీజీ నంబర్ బండి ఏడాది దాటి కర్ణాటకలో తిరిగితే ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. వైట్‌ఫీల్డ్ వైపు కేఏ-53, ఎలక్ట్రానిక్ సిటీ వైపు కేఏ-51.

ఇల్లు చూడటానికి ఏ పూట వెళ్లాలి

ఎక్కువమంది ఆదివారం పొద్దున వెళ్తారు. ఆ పూట హొసూరు రోడ్డు ఖాళీ, వర్తూరు కోడి ఖాళీ, ట్యాంకర్లు అప్పటికే వచ్చిపోయి ఉంటాయి. రెండు పేటలూ ఒకేలా బాగుంటాయి. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు గేటు దగ్గర బయల్దేరి, రోజూ వెళ్లబోయే దారిలోనే ఆ ఇంటికి వెళ్తే వచ్చే సమాచారం వేరు. వెళ్లాక ఓనరుతో మాట్లాడేముందు వాచ్‌మన్‌ని అడగొచ్చు, ట్యాంకర్ ఏ రోజుల్లో వస్తుంది, ఎన్నొస్తాయి అని. ఆ తర్వాత ఓనర్ని గత ఏప్రిల్ మెయింటెనెన్స్ బిల్లు చూపించమనాలి, ఈ నెలది కాదు.